ఎంపీహెచ్ చదువుతూ ఇంటింటికీ తిరిగే ఇంటర్న్‌షిప్... ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీడీఎస్ చేసి, ఇప్పుడు టెక్సస్‌లో ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్) మొదటి ఏడాదిలో ఉంది. వేసవి ఇంటర్న్‌షిప్ మెక్సికో సరిహద్దు పక్కనున్న బ్రౌన్స్‌విల్‌లో వచ్చింది. లాటినో (మెక్సికో, ఇతర లాటిన్ అమెరికా దేశాల మూలాలున్న) కుటుంబాల్లో ఊబకాయం రాకుండా చూసే కార్యక్రమమట. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలతో కలిసి పనిచేయాలట. ఇది మన ఆశా వర్కర్ల పనే కదా? ఇందుకేనా లక్షలు అప్పు చేసి పంపింది? వద్దని చెప్పమంటారా?
- ఒక తండ్రి, తెనాలి

జవాబు: వద్దని చెప్పకండి. అలాగని మీ టెన్షన్‌ని కొట్టిపారేయను, అందులో సగం న్యాయమే.

మీరు చెప్పిన కార్యకర్తలను అక్కడ ప్రొమోతోరాలంటారు. ఎక్కువగా ఆ వీధుల్లోనే కాపురముండే, స్పానిష్ మాట్లాడే ఆడవాళ్లు. వీళ్లకు సర్టిఫికెట్ ఇవ్వడానికి టెక్సస్ 1999లోనే చట్టం చేసింది. 160 గంటల శిక్షణ చాలు, డిగ్రీ అక్కర్లేదు. మీ అమ్మాయి విషయంలో చిక్కు అక్కడే. డిగ్రీ అక్కర్లేని ఉద్యోగానికి హెచ్-1బీ ఉద్యోగ వీసా దొరకడం చాలా కష్టం. అమెరికాలో ఈ ఉద్యోగానికి 2023లో మధ్యస్థ జీతం ఏడాదికి 48 వేల డాలర్ల దగ్గర ఉంది. అప్పు తీర్చాల్సిన వాళ్లకు అది చాలదు. కాబట్టి ప్రొమోతోరా ఉద్యోగంలో స్థిరపడటం దారి కాదు. వాళ్లతో కలిసి ఒక వేసవి పనిచేయడం మాత్రం వేరే సంగతి.

ఎందుకో చెప్తాను. 2017-20 నాటి అమెరికా ప్రభుత్వ సర్వే ప్రకారం హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) పెద్దవాళ్లలో దాదాపు 46 శాతం మందికి ఊబకాయం ఉంది. డాక్టరు ఇచ్చే కరపత్రంతో ఇది తగ్గదు. "రోజూ అరగంట నడవండి" అని అందులో రాసి ఉంటుంది. సరిహద్దు వెంట కలోనియాలనే బస్తీలున్నాయి. వాటిలో చాలాచోట్ల కాలిబాట ఉండదు, వీధిదీపం ఉండదు, కుక్కలు వెంటపడతాయి. అక్కడ ఒంటరిగా నడిచేదెవరు? ఆ వీధి మనిషే అయిన ప్రొమోతోరా నలుగురు ఆడవాళ్లను పోగేసి కలిపి నడిపిస్తుంది, లేదంటే చర్చి హాల్లో జుంబా పెట్టిస్తుంది. వంటింట్లోనూ అంతే. వాళ్ల రొట్టె టోర్టియా, అది మానేయమంటే వినేవాళ్లెవరూ ఉండరు, మనింట్లో అన్నం మానేయమన్నట్టే. ఆమె మైదా టోర్టియా బదులు మొక్కజొన్నది చేయమంటుంది, బీన్స్‌లో వేసే పంది కొవ్వు తగ్గించమంటుంది, భోజనాల బల్ల మీది కూల్‌డ్రింక్ సీసా తీయిస్తుంది. ఆ సీసా సంగతి మీ డెంటిస్టు అమ్మాయికి ఒకరు చెప్పనక్కర్లేదు. పిల్లల పళ్లు పాడుచేసేదీ, ఒళ్లు పెంచేదీ అదే.

ఇంకో సంగతి. అమెరికాలో ఉండటానికి కాగితాల్లేని బంధువు ఒక్కడైనా ఉన్న ఇంట్లో, ఫారం పట్టుకుని ఎవరొచ్చినా తలుపు తీయరు. ప్రొమోతోరాకు తీస్తారు. ఈ నమ్మకం ఎలా పనిచేస్తుందో క్లాసులో కూర్చుంటే అర్థం కాదు.

ఇంతకీ దీనివల్ల బరువు తగ్గుతుందా? ఖాయంగా తగ్గుతుందని చెప్పలేం. శాన్ డియాగో దగ్గర ప్రొమోతోరాలతో నడిపిన ఆవెంతూరాస్ పారా నీన్యోస్ అనే అధ్యయనంలో పిల్లల తిండి అలవాట్లు కొన్ని మెరుగుపడ్డాయి కానీ, బీఎంఐలో (ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో) చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఏది పనిచేసింది, ఎవరి మీద, ఎంత ఖర్చుకు అని లెక్కతీసి చెప్పేవాళ్లు కావాలి. ఎంపీహెచ్ వాళ్లకు ఉద్యోగం ఉన్నది ఇక్కడే: కార్యక్రమం రూపొందించడం, ప్రొమోతోరాలకు శిక్షణ ఇవ్వడం, ఫలితాలు కొలవడం. ఈ పనికి బ్రౌన్స్‌విల్ మంచి చోటు. టెక్సస్ యూనివర్సిటీ పబ్లిక్ హెల్త్ స్కూలు క్యాంపస్ ఒకటి అక్కడుంది. ఆ ఊరున్న కౌంటీలోని (మన జిల్లా లాంటిది) హిస్పానిక్ కుటుంబాల ఆరోగ్యాన్ని 2004 నుంచీ గమనిస్తూ వస్తున్నారు.

అందుకని ఇంటర్న్‌షిప్‌కు ఒప్పుకునే ముందే అమ్మాయిని సూపర్‌వైజర్‌తో మాట్లాడమనండి. ఇళ్లకు వెళ్లడంతో పాటు డేటా పని కూడా తన చేతికి వస్తుందా? చివర్లో తన పేరుతో ఒక రిపోర్టు మిగులుతుందా? రాదంటే నేనైతే ఇంకోచోట చూసుకోమంటాను. ఈ కార్యక్రమానికి డబ్బు ఎక్కడిదో కూడా అడగాలి. గ్రాంటు మీద నడిచేవాటిలో గ్రాంటు అయిపోతే ఉద్యోగాలూ పోతాయి. ఇప్పుడిప్పుడే పరిస్థితి కొంత మారుతోంది. కాలిఫోర్నియాలో పేదల ఆరోగ్య బీమా మెడి-కాల్ 2022 జులై నుంచి, అమెరికా కేంద్ర ప్రభుత్వం ముఖ్యంగా వృద్ధుల కోసం నడిపే బీమా మెడికేర్ 2024 జనవరి నుంచి ఈ కార్యకర్తల సేవలకు డబ్బు చెల్లిస్తున్నాయి. ఆ మేరకు వీళ్లను నడిపించే కోఆర్డినేటర్ల అవసరం కూడా పెరగాలి.

స్పానిష్ ఈరోజే మొదలుపెట్టమనండి. వచ్చీరాని స్పానిష్ అయినా ఫర్వాలేదు, వాళ్లు సంతోషిస్తారు. వచ్చే సెమిస్టర్‌లో బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు), ఎపిడెమియాలజీ (జనంలో జబ్బుల తీరు) సబ్జెక్టులు గట్టిగా తీసుకోవాలి. కాలేజీ ఇచ్చిన వీసా పత్రం ఐ-20 మీద తన కోర్సు కోడ్ ఏముందో చూసుకోవాలి. ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ కోడ్‌లు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలో ఉన్నాయి, అంటే చదువయ్యాక ఉద్యోగం చేసుకోనిచ్చే ఏడాది ఓపీటీ మీద మరో 24 నెలలు. మామూలు పబ్లిక్ హెల్త్ కోడ్‌కు ఆ వెసులుబాటు లేదు. కోర్సు మారాలనుకుంటే మొదటి ఏడాదిలోనే తేలిక. హెచ్-1బీకి యూనివర్సిటీలు, వాటి అనుబంధ సంస్థలు లాటరీ పరిధిలో లేవు కాబట్టి ఉద్యోగ వేట అటునుంచి మొదలుపెట్టడం మేలు.

ఒకవేళ తిరిగొచ్చేసినా ఈ అనుభవం వృథా పోదు. మన ఆశా వర్కర్లు 30 ఏళ్లు దాటినవాళ్ల నడుం చుట్టుకొలత దగ్గర్నుంచి అలవాట్ల దాకా ఫారంలో నింపుతున్నారు. ఆ వివరాలతో ఏం చేయాలో తెలిసినవాళ్లు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లాంటి చోట్లకు కావాలి. కనుక ఆశా పని కదా అని తీసిపారేయకండి.

ఒక జాగ్రత్త: జీతం లేదా స్టైపెండ్ వచ్చే ఇంటర్న్‌షిప్ అయితే, చేరే తేదీకి ముందే కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు నుంచి సీపీటీ అనుమతి (చదువుతుండగా కోర్సులో భాగంగా పనిచేసేందుకు) తీసుకోవాలి. జీతం లేనిదైనా ఆ ఆఫీసులో ఓసారి అడిగాకే చేరమనండి.