కాలనీ పార్కుకి ఇంటి పన్ను డబ్బు రాబట్టడం ఎలా

చి. మాధవికి,

పెదనాన్న ఆశీస్సులు. కాలనీ సంఘానికి కార్యదర్శివయ్యావు. ఇక అందరూ నిన్నడిగేది ఒకటే: "ఇంటి పన్ను కడుతున్నాం కదా, పార్కు ఇలా ఎండిపోయిందేం?" ముందు ఆ లెక్క నీకు నోటికి రావాలి.

మన హైదరాబాద్‌లో వెయ్యి చదరపు అడుగుల ఇల్లు, అడుగుకి నెల అద్దె విలువ రూ.1.25 అనుకో. నెలకి 1,250, ఏడాదికి 15,000. నెల విలువ 300 దాటింది కాబట్టి 30 శాతం, అంటే 4,500. పాతికేళ్ల లోపు ఇల్లయితే తరుగు 10 శాతం తీసెయ్, 4,050. దానిమీద గ్రంథాలయ సెస్సు 8 శాతం కలిపితే 4,374. ఆ 30 శాతంలో సాధారణ పన్ను 15, పారిశుద్ధ్యం 9, వీధి దీపాలు 3, డ్రైనేజీ 3. పుస్తకానికి సెస్సు ఉంది గానీ చెట్టుకి లేదు, చూశావా! అమెరికాలో సియాటిల్ వాళ్లు 2014లో ఓటేసి మరీ పార్కుల కోసం విడిగా ఆస్తి పన్ను పెట్టుకున్నారు. మనకి ఉన్నదల్లా 2020 చట్ట సవరణ: జీహెచ్‌ఎంసీ, అంటే మన నగర కార్పొరేషన్, బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి. అది నగరం మొత్తానిది. మన పార్కు పేరు అందులోకి ఎక్కించుకోవడమే నీ పని.

మొదట స్థలం. మంజూరైన లేఅవుట్ నకలు, ఆ ఖాళీ జాగాను కార్పొరేషన్‌కి రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ చేతిలో ఉండాలి. గిఫ్ట్ డీడ్ లేకపోతే ఇంజనీరు ఫైలు పక్కన పడేస్తాడు, ఆ పడేయడంలో తప్పూ లేదు. లేఅవుట్‌కి అనుమతే లేదంటే అక్కడ కాగితం మీద పార్కే లేనట్టు. ముందు అది తేల్చుకో.

తర్వాత ఎస్టిమేట్. అందరూ బోల్తాపడేది ఇక్కడే. గోడ, నడక దారి, ఓపెన్ జిమ్ అడుగుతారు, ఫొటోలు కూడా వస్తాయి. మాలి జీతం, మోటారు కరెంటు బిల్లు ఎవరూ రాయరు. మే వచ్చేసరికి గడ్డి గోధుమ రంగు. అందుకే కట్టడం ఖర్చు ఒక కాగితం మీద, ఏటేటా నిర్వహణ ఇంకో కాగితం మీద రాసివ్వు. కరెంటు మీటరు ఎవరి పేరున ఉంటుందో కూడా అందులోనే రాయించు.

నీళ్ల లెక్క నువ్వే వెయ్యి. ఎండాకాలం గడ్డికి చదరపు మీటరుకి రోజుకి సుమారు 5 లీటర్లు కావాలి. 500 గజాల లాన్ అంటే 418 చదరపు మీటర్లు, రోజుకి రెండు వేల లీటర్ల పైమాటే. బోరు ఎండితే 5,000 లీటర్ల ట్యాంకరు రెండున్నర రోజులు కూడా రాదు. లాన్ వంద గజాలకి కుదించి మిగతా అంతా కానుగ, వేప పెట్టించు. చూడ్డానికి సాదాగా ఉంటుందని సంఘంలో గొణుగుతారు, గొణగనీ.

సమయం మాట. బడ్జెట్ ముసాయిదా నవంబరులో కార్పొరేషన్ స్టాండింగ్ కమిటీకి వెళ్తుంది. కాబట్టి ఆగస్టు, సెప్టెంబరులోనే కాగితం సర్కిల్ ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు వేయించుకో. కార్పొరేటరు ఉంటే ఆయనకీ ఒక కాపీ. జనవరిలో వెళ్తే "వచ్చే ఏడు చూద్దాం" అంటారు. గత మూడేళ్లలో ఈ పార్కు మీద ఎంత ఖర్చు రాశారో 10 రూపాయల సమాచార హక్కు దరఖాస్తుతో అడుగు, 30 రోజుల్లో జవాబివ్వాలి. చేయని పనికి బిల్లు కనిపిస్తే అరవకు. ఆ పేజీ జిరాక్సు తీసి నీ అర్జీకి జత చెయ్యి.

ఇంకొకటి. ఆఫీసుకి వెళ్లేముందు కాలనీ ఇళ్ల పీటీఐఎన్ (ఇంటి పన్ను గుర్తింపు) నంబర్లన్నీ రాసుకుని బకాయిలు చూడు. రెండంతస్తులు వేసి ఒకదానికే పన్ను కడుతున్న వాళ్లుంటే డిప్యూటీ కమిషనర్ మొదట ఆ సంగతే ఎత్తుతాడు. బకాయి మీద నెలకి 2 శాతం వడ్డీ పడుతుందని వాళ్లకి మెల్లగా చెప్పు. ముఖ్యంగా మీ సంఘం అధ్యక్షుడి ఇల్లు ముందు చూడు.

— పెదనాన్న