కత్తి నూరడం నేర్చుకుంటానన్న మేనల్లుడికి

అల్లుడా,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. మీ అమ్మ ట్రంకు పెట్టెలో తాత కత్తి దొరికిందట, దాన్ని నువ్వే నూరి దాంతోనే గడ్డం గీసుకుంటావట. మా షాపులో నేనే ఆ కత్తి ముట్టక ఎన్నేండ్లయిందో. ఇప్పుడంతా సగం బ్లేడు విరిచి పెట్టుకునే కత్తే కదా, ఎయిడ్స్ భయం మొదలైనప్పటి నుంచి గిరాకీలే కూర్చోగానే అడుగుతారు, అన్నా కొత్త బ్లేడేనా అని. అడగాలి కూడా. అందుకే ముందే చెప్తున్నా, ఆ కత్తి నీ ఒక్కడి గడ్డానికే, రూంలో ఉన్న దోస్తులకు ఇవ్వకు.

నువ్వు పంపిన రాళ్ల లిస్టు చూశాను. ఐదు రాళ్లు, తోలుకు పూసే పచ్చ ముద్ద, వజ్రం ప్లేటు, భూతద్దం... నాన్న పొదిలో ఉన్నది ఒక్కటే నూరుడు రాయి, ఒక తోలు పట్టా. సరే, ఆయనకు పాడైన కత్తిని బాగుచేసే పని తక్కువ, ఉన్న పదును పోకుండా కాపాడుకోవడమే ఎక్కువ. నీకు అట్ల కాదు, ముప్పై ఏండ్లు పెట్టెలో పడున్న కత్తి. వెయ్యి నంబరు రాయి ఒకటి, ఒకపక్క 4000 రెండోపక్క 8000 ఉండే రాయి ఒకటి కొను, చాలు. నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు, అంతే లెక్క. 12000 రాయి సంగతి వచ్చే ఏడాది చూద్దాం.

రాయి పట్టకముందు కత్తిని ఎండలో తిప్పి చూడు. వెన్ను మీద, పక్కల మీద తుప్పు మచ్చలుంటే పరవాలేదు. అంచు దగ్గర గుంటలు పడి ఉంటే మాత్రం ఎంత నూరినా అక్కడ పళ్లు పళ్లుగా విరుగుతుంది, అప్పుడు ఫొటో పంపు, నేను చెప్తా. నాకు గుర్తున్నంత వరకు అది సోలింగెన్ కత్తి, పిడి దగ్గర ఇనుము మీద అక్షరాలుంటాయి. జర్మనీలో కత్తులకు పేరున్న ఊరది. ఇనుము మంచిదే, మన చేతులే కుదరాలి.

ఇంకొకటి, కొత్త రాయి చదునుగా ఉంటుందని నమ్మకు. పెన్సిల్‌తో రాయి మీద నిలువుగా అడ్డంగా గీతలు గీసి, మందపాటి అద్దం మీద ఎమెరీ కాగితం పరిచి నీళ్లు చల్లి రాయిని రుద్దు. గీతలన్నీ ఒక్కసారే పోతే చదునుగా ఉన్నట్టు, మధ్యలో గీతలు మిగిలితే అక్కడ గుంట ఉన్నట్టు. అద్దం ఎందుకు, వాకిట్లో షాబాద్ బండ మీద రుద్దితే కాదా అంటావేమో. నేనూ అట్లనే అనుకుని ఒక రాయిని వంకర చేశాను. బండ చూడటానికే చదును.

ఇక అసలు పని. వెయ్యి రాయిని తడిపి, కింద తడిగుడ్డ వేసి కదలకుండా పెట్టు. కత్తిని పడుకోబెట్టు, వెన్నూ అంచూ రెండూ రాయికి ఆనాలి. వంటింటి కత్తి నూరేటప్పుడు ఎంత వాలు పెట్టాలో మనమే చూసుకోవాలి, మంగలి కత్తికి ఆ టెన్షన్ లేదు, వెన్ను మందమే ఆ కొలత. చేసినవాడు అప్పుడే లెక్కగట్టి పెట్టాడు, నువ్వు వెన్ను ఎత్తకుండా ఉంటే చాలు. అంచు ముందుండేటట్టు, రాయి మీద నుంచి పలుచని పొర గీకుతున్నట్టు తొయ్యి. తోస్తూ పిడి దగ్గర నుంచి కొస దాకా అంచు మొత్తం రాయికి తగిలేటట్టు ఏటవాలుగా పక్కకు జరుపు. చివరికి పోయాక వెన్ను మీదనే బోర్లించి, అట్లనే వెనక్కి రా. బోర్లించేటప్పుడు అంచు రాయి మీద తిరిగితే అప్పటిదాకా చేసింది పోయినట్టే.

బలం మాత్రం పెట్టకు. ఇది చెప్పినా వినవని తెలుసు, నేనూ వినలేదు. పదహారేండ్లప్పుడు చెర్వుగట్టు జాతర ముందురోజు రాత్రి, తెల్లారితే గుండ్లు చేయడానికి పోవాలి, నాలుగు కత్తులు నూరమని నాన్న నాకు చెప్పి పడుకున్నాడు. నిద్ర ఆగక తొందరగా అయిపోవాలని అదిమి అదిమి తోశాను. పొద్దున ఒక చిన్నపిల్లకు పుట్టువెంట్రుకలు తీస్తుంటే కత్తి పీకింది, పిల్ల కెవ్వుమంది, వాళ్లమ్మ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. నాన్న తిట్టలేదు. ఆ కత్తిని ఎండకు పెట్టి చూపించాడు, అంచు మధ్యలో అలలాగా వంగి ఉంది. అది బాగయ్యేదాకా గిరాకీని ముట్టొద్దన్నాడు, నాకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల్లో ఎక్కువ భాగం ఇంట్లో ఉన్న గరుకు రాయి మీదనే పోయింది.

నీకు చెప్పాలనుకున్న ముఖ్యమైన మాట కూడా అదే. అందరూ వెయ్యి రాయి మీద పది నిమిషాలు తోసి, బోర్ కొట్టి, నునుపు రాయికి పోతారు. అక్కడ అంచు అద్దంలాగా మెరుస్తుంది, గడ్డం మాత్రం తెగదు, మళ్లీ ఇంకో రాయి కొంటారు. రెండు పక్కల నుంచి వచ్చే వాలులు (మీ వీడియోల వాళ్లు బెవెల్ అంటారు) మొన నుంచి మొదలు దాకా ఒకదానికొకటి కలవాలి. అవి కలిసేది వెయ్యి రాయి మీదనే, తర్వాతి రాళ్లు నునుపు చేస్తాయి గానీ కలపవు. గంట పట్టినా పట్టనీ.

కలిసిందని ఎట్ల తెలుస్తుంది? మార్కర్ పెన్నుతో వాలుకు నలుపు పూసి రెండుసార్లు తోసి చూడు, నలుపు ఎక్కడ మిగిలితే రాయి అక్కడ తగలనట్టు. అంచును పైకి తిప్పి లైటు కింద నిలువుగా చూడు, తెల్లని చుక్కో గీతో మెరిస్తే అక్కడ ఇంకా మొద్దు. పదునైన అంచు కంటికి కనిపించదు. చేతి మీద వెంట్రుకలు ఒక్కో అంగుళంతో గీసి చూడు, అన్నిచోట్లా ఒకే రకంగా తెగాలి. ఈ మూడూ ఎవరైనా చెప్తారు. నేను మాత్రం నీళ్లను చూస్తాను. అంచు మొత్తం రాయికి ఆనినప్పుడు, తోస్తుంటే ముందున్న నీళ్లు అంచు మీద నుంచి కత్తి పైకి ఎక్కుతాయి, పలుచగా, మొదలు నుంచి కొస దాకా ఒకే వరుసలో. ఎక్కడైతే అంచు ఆనలేదో అక్కడ నీళ్లు కత్తి కింది నుంచి జారిపోతాయి. చప్పుడు కూడా మారుతుంది, మొదట్లో బరబరమన్నది మెల్లగా సన్నబడుతుంది. ఫ్యాన్ బంద్ చేసి విను.

ఆ తర్వాత 4000 మీద, 8000 మీద పని తొందరగానే అవుతుంది. కత్తి బరువు తప్ప నీ చేతి బరువు పడొద్దు. వెన్నుకు కరెంటు టేపు వేయాలా అని అడిగావు. వెన్ను అరగకుండా ఒక పొర వేసుకోవచ్చు, వేస్తే మాత్రం ప్రతి రాయి మీదా వెయ్యాలి, ఒకదాని మీద ఉండి ఒకదాని మీద లేకుంటే వాలు మారిపోతుంది.

తోలు పట్టా మీద పద్ధతి తిరగబడుతుంది. వెన్ను ముందు, అంచు వెనక. పట్టాను బిగించి పట్టు, వదులైతే అంచు గుండ్రబడుతుంది. గీసుకునే ముందు ప్రతిసారీ నలభై యాభై సార్లు లాగు. పట్టా సరిగ్గా వాడితే రెండు మూడు నెలలు రాయి అవసరం రాదు. వచ్చినా 8000 మీద ఇరవై సార్లు తోస్తే చాలు, మళ్లీ వెయ్యి రాయి దాకా పోకు.

మొదటిసారి చెంపలు మాత్రమే గీసుకో. వేడినీళ్లు, చిక్కటి నురగ, చర్మం బిగలాగి, వెన్నును రెండు వెన్నుల మందం ఎత్తి పట్టు. గదవ, మూతి తర్వాత ఎప్పుడైనా. అయిపోయాక తుడిచి ఆరబెట్టు, బోరు నీళ్లు అంచు మీద ఆరితే తెల్లమచ్చ, దాని కింద తుప్పు. కుట్టుమిషన్ నూనె ఒక చుక్క పుయ్యి. కొబ్బరి నూనె వద్దు, చలికాలం గడ్డకడుతుంది.

తోలు పట్టా కొనకు, నాన్నది నా దగ్గరే ఉంది, దసరాకు వచ్చినప్పుడు తీసుకుపో. కింది కొస దగ్గర రెండు అంగుళాల గాటుంటుంది, అది నేను చేసిందే. అంత మేర వదిలేసి పైభాగంలో లాగు.

మీ మామ