వేర్లు, నేల తేమ, కోడింగ్: వీటితో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: అగ్రికల్చర్ డిగ్రీ మూడో ఏడాది చదువుతున్నాను. పైథాన్ కూడా నేర్చుకున్నాను. పంట వేర్లు ఎలా పెరుగుతాయో, నేలలో నీరు ఎలా కదులుతుందో కంప్యూటర్‌లో మోడల్ చేసే పని బాగా నచ్చింది. ఇంట్లో మాత్రం ‘వేర్ల మీద చదివితే ఉద్యోగం ఎవరిస్తారు, డేటా సైన్స్‌కి మారిపో’ అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మారొద్దు. అలాగని ఇంట్లోవాళ్ల సందేహాన్ని కొట్టిపారేయకండి, అందులో కొంత నిజముంది. ‘వేర్ల మోడలర్ కావాలి’ అనే ప్రకటన మీకు దాదాపు ఎక్కడా కనిపించదు. నీటి తడుల సలహాలిచ్చే కంపెనీలో అగ్రానమిస్ట్, విత్తన సంస్థలో క్రాప్ మోడలర్, కరువు అంచనాలు వేసే చోట డేటా సైంటిస్ట్, ఇలా వేరే పేర్లతో ఆ పని ఉంటుంది. వెతకడం మీకు తెలియాలి.

ఈ పని అవసరం ఎందుకొచ్చిందో చూడండి. నాసా 2015లో పంపిన స్మాప్ ఉపగ్రహం కొలిచేది నేల పైపొరలో సుమారు 5 సెంటీమీటర్ల తేమనే. మొక్కజొన్న వేర్లు మీటరు దాటి కూడా దిగుతాయి. పైన దుమ్ము లేస్తున్నా కింద పదును ఉండొచ్చు. ఇవాళే తడి పెట్టాలా, ఇంకో నాలుగు రోజులు ఆగినా పంట బెట్టకు రాకుండా ఉంటుందా అన్నది ఆ కింది తేమ మీద, వేర్లు అక్కడిదాకా చేరాయా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. సెన్సర్ పాతితే ఆ ఒక్క చోటి సంగతే తెలుస్తుంది. మిగతా పొలాన్ని అంచనా వేయడానికే మోడల్.

డేటా ఉంటే చాలు కదా, మెషీన్ లెర్నింగ్ చూసుకుంటుంది అంటారేమో. ఇక్కడ డేటాయే కరువు. 1937లో డిట్మర్ అనే శాస్త్రవేత్త గోధుమలాంటి రై అనే ధాన్యపు మొక్కను ఒక్కదాన్నే తీసుకుని దాని వేర్లను కొలిస్తే మొత్తం పొడవు 600 కిలోమీటర్లు దాటింది. అలాంటి వాటిని మట్టిలోంచి తీసి, కడిగి, స్కాన్ చేసి లెక్కగట్టే ఓపిక ఎంతమందికుంటుంది? పైగా తేమ శాతం అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. 15 శాతం తేమ ఇసుక నేలలో పంటకు సరిపోతుంది, బరువైన బంకమట్టిలో మాత్రం అదే 15 శాతానికి మొక్క వడలిపోతుంది. నేల నీటిని ఎంత గట్టిగా పట్టుకుందన్నదే అసలు విషయం. ఆ పట్టును పీడనం కొలమానమైన కిలోపాస్కల్స్‌లో చెబుతారు, మైనస్ ఎంత పెరిగితే పట్టు అంత గట్టిది. సాధారణంగా మైనస్ 1500 కిలోపాస్కల్స్‌ను వడలిపోయే హద్దుగా తీసుకుంటారు.

అందుకే నా సలహా: కోడింగ్ కన్నా ముందు సాయిల్ ఫిజిక్స్ మీద పట్టు తెచ్చుకోండి. నేలలో నీరు ఎలా కదులుతుందో చెప్పే, రిచర్డ్స్ అనే శాస్త్రవేత్త 1931లో ఇచ్చిన సమీకరణం ఇప్పటికీ ఈ రంగానికి వెన్నెముక. నేల ఆరేకొద్దీ నీటిని పోనిచ్చే గుణం వేల రెట్లు పడిపోతుంది కాబట్టి దాన్ని కంప్యూటర్‌లో సాధించడం తలనొప్పే. అవకలన సమీకరణాలు, న్యూమరికల్ మెథడ్స్ రాకపోతే మోడల్ ఎందుకు తప్పిందో కూడా అర్థం కాదు. పైథాన్ అంటారా, ఎలాగూ వచ్చింది, అది పదునెక్కుతూనే ఉంటుంది.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఇచ్చే ఆక్వాక్రాప్ అనే పంట మోడల్ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఏదో ఒక పంట తీసుకుని, గరిష్ఠ వేరు లోతును ఒకసారి 60 సెంటీమీటర్లు, మరోసారి 120 సెంటీమీటర్లు పెట్టి, తడుల తేదీలు ఎలా జరుగుతాయో చూడండి. తర్వాత నేలలో నీటి కదలికను రిచర్డ్స్ సమీకరణంతో లెక్కగట్టే హైడ్రస్-1డి సాఫ్ట్‌వేర్ తెరవండి, అదీ ఉచితమే. దాంతోపాటు మీ కాలేజీలో ఎవరైనా వేర్ల నమూనాలు కడుగుతుంటే వెళ్లి సాయం చేయండి. బురదలో గంటలు గడపడం అస్సలు నచ్చకపోతే, సెన్సర్ల సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లడమే మంచిది. అదేం చిన్నతనం కాదు.

పీజీకి యూనివర్సిటీ పేరు కన్నా గైడ్‌ను చూసి ఎంచుకోండి. ఆయన లేదా ఆమె పేపర్లలో పొలం కొలతలు, మోడల్ రెండూ ఉన్నాయా? ఒకటే ఉంటే ఇంకొకరిని వెతకండి. పరిశోధన ఉద్యోగాలకు దాదాపు పీహెచ్‌డీ తప్పదు. కంపెనీల్లో మొదట్లో సెన్సర్ డేటాలోని చెత్త ఏరడమే ఎక్కువ పని. ఈ రెండూ ఇంట్లో ముందే చెప్పండి. నేలలో నీటి లెక్కలు వచ్చినవాళ్లకు భూగర్భజలాలు, కాలుష్యం వ్యాప్తిపై పనిచేసే సంస్థల్లోనూ చోటుంటుందని, ఇది ఒక్క పంటకే కట్టుబడిన చదువు కాదని కూడా చెప్పండి. పీజీ దరఖాస్తులో ఆ 60, 120 సెంటీమీటర్ల గ్రాఫులు రెండూ, తేడా ఎందుకొచ్చిందో మీ మాటల్లో ఒక పేజీ జతచేయండి.