మామిడి తోట మధ్యగా హైవే: స్టే వస్తుందా?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. మా తోతాపురి తోట మధ్యగా నేషనల్ హైవే పోతుందని పేపర్లో నోటిఫికేషన్ వచ్చింది. ఊరంతా కలిసి మిషన్లను అడ్డుకుందాం అంటున్నారు. కోర్టులో స్టే దొరుకుతుందా?
– ఒక రైతు

జవాబు: మిషన్లు రావడానికి ఇంకా టైముంది. మీకే టైము తక్కువ. మీరు చెప్పేది జాతీయ రహదారుల చట్టం, 1956 కింద ఇచ్చే 3ఏ నోటిఫికేషన్ (భూమి తీసుకోవాలనుకుంటున్నామని చెప్పేది) అయితే, గెజిట్‌లో అచ్చయిన రోజు నుంచి 21 రోజుల్లోగా 3సీ కింద అభ్యంతరం రాసివ్వాలి. పేపర్లో వచ్చిన తేదీ నుంచి లెక్కపెట్టకండి. భూసేకరణ అధికారి ఆఫీసులో ఇచ్చి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి.

ఊరంతా ఒకే జిరాక్స్ కాగితం మీద 'భూములివ్వం' అని సంతకాలు పెడితే ఒక్క ముక్కలో కొట్టేస్తారు. సర్వే నంబరు, చెట్ల లెక్క, బోరు ఏ వైపు మిగులుతుంది, అవతలి ముక్కలోకి ట్రాక్టర్ ఎలా పోవాలి, ఇవన్నీ ఎవరికి వాళ్లు రాయాలి. అండర్‌పాస్, సర్వీస్ రోడ్డు ఇప్పుడే అడగండి. రోడ్డు పడ్డాక అడిగితే పలికేవారుండరు.

స్టే మీద ఆశ పెట్టుకోకండి. రోడ్డు ఎటు పోవాలన్నది నిపుణుల పని అని సుప్రీంకోర్టు 2011లోనే కుశల శెట్టి కేసులో చెప్పింది. చెన్నై–సేలం రోడ్డు నోటిఫికేషన్లను 2019లో మద్రాస్ హైకోర్టు కొట్టేస్తే, 2020లో సుప్రీంకోర్టు 3ఏ నోటిఫికేషన్లను నిలబెట్టింది. సివిల్ కోర్టు ఇంజంక్షన్ (పని ఆపమనే ఉత్తర్వు) దారి కూడా స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి 2018లో చేసిన సవరణతో దాదాపు మూసుకుపోయింది. అయితే మీ అభ్యంతరం వినకుండానే 3డీ ప్రకటన (భూమి ప్రభుత్వానిదైపోయిందని చెప్పేది) ఇస్తే మాత్రం హైకోర్టులో రిట్ వేయడానికి గట్టి ఆధారం ఉన్నట్టే. 3ఏ వచ్చిన ఏడాదిలోగా 3డీ రాకపోయినా ఆ నోటిఫికేషన్ చెల్లదు. కోర్టు స్టే ఉన్న కాలాన్ని మాత్రం అందులో లెక్కించరు.

అసలు పోరాటం పరిహారం దగ్గరే. 2013 భూసేకరణ చట్టం లెక్కలే హైవేకీ వర్తిస్తాయి: మార్కెట్ విలువ మీద నూరు శాతం సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు అదనంగా ఇచ్చే సొమ్ము), చెట్లకు, బోరుకు వేరుగా విలువ. తోట రెండు ముక్కలైన నష్టం కూడా అడగొచ్చు, చాలామంది దీన్ని మర్చిపోతారు. మొత్తం తక్కువనిపిస్తే డబ్బు 'అండర్ ప్రొటెస్ట్' అని రాసి తీసుకుని, ఆర్బిట్రేటర్‌కు (కేంద్రం నియమించే మధ్యవర్తికి) అర్జీ పెట్టండి. డీకేటీ పట్టా (ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి) అయినా మార్కెట్ ధర ఇవ్వాల్సిందేనని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2004లో తీర్పిచ్చింది.

శాంతియుతంగా ధర్నా చేసుకోండి, తప్పులేదు. పరిహారం డిపాజిట్ చేసి, 60 రోజుల నోటీసిచ్చాక మిషన్లకు అడ్డం పడితే మాత్రం పోలీసులొస్తారు, కేసులూ పడతాయి.