రైలు వస్తుందని ఫ్లాట్ కొనాలా, కారు తీసుకోవాలా?

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగస్తులం. నగర శివార్లలో అద్దెకుంటున్నాం, ఆఫీసులు నగరం నడిబొడ్డున. బస్సు అరగంటకొకటి, మధ్యలో ఇంకోటి మారాలి. మా వైపు రైలు మార్గం వేస్తామని ప్రకటించారు. చేతిలో కొంత పొదుపుంది. కారు కొనాలా, రాబోయే స్టేషన్ దగ్గర లోన్ తీసుకుని ఫ్లాట్ కొనాలా, లేక ఎక్కువ అద్దె కట్టి ఆఫీసు దగ్గరికి మారాలా?

జవాబు: ముందు ఫ్లాట్ సంగతి. ఇప్పుడైతే కొనకండి. ప్రకటనలో మాత్రమే ఉన్న రైలును నమ్ముకుని ఇరవయ్యేళ్ల అప్పు నెత్తిన పెట్టుకోవద్దు. లండన్‌లో ఎలిజబెత్ లైన్ అనే రైలు మార్గం 2018 డిసెంబరులో మొదలవ్వాల్సింది, మొదలైంది 2022 మేలో. అంత అనుభవమున్న నగరంలోనే మూడేళ్లకు పైగా ఆలస్యమైంది. మీ దగ్గరా అలా జరిగితే, అన్నాళ్లూ ఈఎంఐ కడుతూ ఇదే బస్సు కోసం నిలబడాల్సి వస్తుంది. పైగా స్టేషన్ ఎక్కడో తెలియగానే అమ్మేవాళ్లు ధర పెంచేస్తారు కాబట్టి, రేపటి లాభంలో చాలా భాగం మీరు ఇవాళే వాళ్ల చేతిలో పెట్టేస్తారు. రైలు వచ్చాక జనం ఎగబడతారన్న మాటనూ పూర్తిగా నమ్మలేం. భారీ ప్రాజెక్టులపై పరిశోధన చేసే బెంట్ ఫ్లూబ్యర్గ్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో, పరిశీలించిన రైలు ప్రాజెక్టుల్లో పదింట తొమ్మిదింటికి ప్రయాణికుల అంచనా వాస్తవం కంటే ఎక్కువే అని తేలింది.

ఇక కారు. చాలామంది ఈఎంఐని, పెట్రోలును మాత్రమే లెక్కేస్తారు. ఇన్సూరెన్స్, సర్వీసింగ్, టైర్లు, పార్కింగ్, ఏటా తగ్గే రీసేల్ విలువ కూడా కలపండి. రద్దీ వేళ ఆ కారూ మీ బస్సు ఇరుక్కునే ట్రాఫిక్‌లోనే ఇరుక్కుంటుంది. ఇంట్లో తరచూ ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన పెద్దవాళ్లుంటేనో, మీలో ఒకరికి రాత్రి షిఫ్టులుంటేనో నా సలహా వేరుగా ఉండేది. అప్పుడైనా అప్పు లేకుండా పాత కారే తీసుకోమంటాను.

నా ఓటు ఇల్లు మారడానికే, కానీ ఆఫీసు పక్కకు అక్కర్లేదు. ఆఫీసుకు నేరుగా వెళ్లే బస్సో రైలో పది నిమిషాలకొకటి దొరికే చోటుకు మారండి. దూరం కంటే ఇదే ముఖ్యం. టైమ్ చూసుకోకుండా స్టాప్‌కు వెళ్తే, అరగంటకొక బస్సుకు సగటున పదిహేను నిమిషాలు ఎదురుచూడాలి. పది నిమిషాలకొకటైతే ఐదే. మీకు మారే చోట ఇంకోసారి ఆగడం, మొదటిది ఆలస్యమైతే రెండోది తప్పిపోతుందన్న టెన్షన్ కూడా ఉన్నాయి. రోజూ రెండు పూటలా, ఇద్దరికీ కలిపి చూస్తే ఎంత సమయం పోతోందో మీకే తెలుస్తుంది. అలాంటి చోట అద్దె కొంచెం ఎక్కువైనా పర్వాలేదు.

ఎంత ఎక్కువ వరకు? అద్దెను, ప్రయాణ ఖర్చును విడివిడిగా చూడకండి, రెండూ కలిపి చూడండి. అమెరికాలో సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ ఈ రెండూ కలిపి ఆదాయంలో 45 శాతం దాటకూడదని హద్దు పెట్టింది. అప్పులేమైనా ఉంటే మీరు ఇంకా కింద ఆగండి.

పొదుపు జోలికి వెళ్లొద్దు. ఆరు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు విడిగా ఉంచి, ఆ మిగిలింది కూడా ఇల్లు మారి కుదురుకునేదాకా కదపకండి. కారుకు కట్టాలనుకున్న ఈఎంఐ అంత డబ్బును మూడు నెలలు రికరింగ్ డిపాజిట్‌లో వేసి చూడండి. అది కట్టడానికే కష్టమైతే కారు మీ బడ్జెట్‌లో లేదన్నమాట.

ఇంకొక్కటి, ఇది డబ్బు మాటే. మీ ఇద్దరి ఆఫీసుల్లో ప్రయాణ పాసు ఖర్చు యాజమాన్యం భరిస్తుందేమో అడగండి. మీ రూటులో వెళ్లే తోటి ఉద్యోగులతో కలిసి, బస్సులు పెంచమని రవాణా సంస్థకు రాయండి. ప్రయాణికులు పెరిగితే బస్సులు పెంచొచ్చని, బస్సులు పెరిగితే అందరి నిరీక్షణా తగ్గుతుందని ఆర్థికవేత్త హెర్బర్ట్ మోరింగ్ 1972లోనే చూపించారు. మీరు కారెక్కితే ఆ బస్సులో ఇద్దరు తగ్గుతారు, రూటు ఇంకా బలహీనపడుతుంది.

కొత్త ఇంటికి అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక పనిదినం సాయంత్రం రద్దీ వేళ అక్కడి నుంచి ఆఫీసుకూ, ఆఫీసు నుంచి అక్కడికీ వెళ్లి చూడండి. ఆఖరి బస్సు ఎన్నింటికో కూడా కనుక్కోండి.