హోమియో గోళీలు సరే.. థైరాయిడ్ మాత్ర ఎందుకు ఆపారు?

ప్రశ్న: నా వయసు 44. నడుము చుట్టూ, తొడల మీద తామరలాగా వచ్చి ఏడాదిగా దురద. మెడికల్ షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ ఆరు నెలలు రాశాను. రెండు నెలల క్రితం హోమియోకు మారాను. డాక్టర్ 30 పొటెన్సీ ఇచ్చారు. తగ్గట్లేదని నేనే 200 కొనుక్కొని రోజుకు మూడుసార్లు నాలుగేసి గోళీలు వేసుకుంటున్నాను. ఇప్పుడు దురద, మంట బాగా ఎక్కువయ్యాయి. మందు పనిచేసేటప్పుడు ముందు ఇలాగే పెరుగుతుందని మా వదిన అంటోంది. నాది సెన్సిటివ్ శరీరం. నాలుగు బదులు ఒక్క గోళీ వేసుకోవచ్చా? హోమియో బాగా పనిచేయాలని ఆయింట్‌మెంట్, థైరాయిడ్ 75 మాత్ర కూడా మానేశాను.
- ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన వాక్యం మొదట రాయాల్సింది.

ముందు మీరు అడిగింది చెబుతాను. ఒక గోళీ అయినా నాలుగైనా ఒకేసారి వేసుకుంటే మా హోమియో డాక్టర్ల లెక్కలో అది ఒక్క డోసే. పారాసెటమాల్ 500, 650 లాగా 30 కన్నా 200లో మందు ఎక్కువ ఉంటుందనుకున్నారేమో. అది మిల్లీగ్రాముల లెక్క కాదు. 30 అంటే ఒక వంతుకు 99 వంతులు కలిపి పలుచన చేయడం ముప్పైసార్లు జరిగిందని, 200 అంటే అదే రెండు వందలసార్లని. పన్నెండోసారి దాటాక అసలు పదార్థపు అణువు మిగిలే అవకాశం దాదాపు ఉండదని రసాయన శాస్త్రం చెబుతుంది, ఆ లెక్కతో నాకు పేచీ లేదు. మా పద్ధతిలో మాత్రం 200ను పెద్ద పొటెన్సీగా చూస్తాం, దాన్ని రోజుకు మూడుసార్లు వారాల తరబడి ఇవ్వం. సున్నితమైన మనుషులకు డోసు ఇంకా తగ్గించి, నీళ్లలో కలిపి ఇవ్వమని హోమియోను మొదలుపెట్టిన హానిమనే రాశాడు. మోతాదు రోగిని చూసి నిర్ణయించేది, సీసా మీద అంకె చూసి పెంచుకునేది కాదు. ప్రస్తుతానికి ఆ 200 ఆపేయండి.

(మదర్ టింక్చర్ల సంగతి వేరు. వాటిలో నిజంగా మొక్క సారం, ఆల్కహాల్ ఉంటాయి. చిన్నపిల్లలకు, గర్భిణులకు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు సొంతంగా పోయకండి. తక్కువసార్లు పలుచన చేసిన చిన్న పొటెన్సీలనూ తేలిగ్గా తీసుకోవద్దు. పిల్లలకు పళ్లొచ్చేటప్పుడు ఇచ్చే కొన్ని హోమియో మాత్రల్లో బెల్లడోనా అనే విషపు మొక్క సారం ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా ఉందని 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తేల్చింది.)

ఇక నన్ను టెన్షన్ పెట్టినవి రెండు.

మొదటిది ఆ ఆయింట్‌మెంట్. పేరు రాయలేదు. షాపులో తామరకని చేతిలో పెట్టే ట్యూబుల్లో చాలావాటిలో గట్టి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రాసినన్నాళ్లు దురద అణిగి ఉంటుంది, లోపల ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. ఆరు నెలలు రాసి ఒక్కసారి మానేస్తే కొన్ని రోజుల్లోనో వారాల్లోనో ఎర్రబడి, మండి, రెట్టింపు అయినట్టు కనిపిస్తుంది. మీకు జరిగింది అదే కావచ్చు. చూడకుండా ఖాయంగా చెప్పలేను. కానీ 'మందు పనిచేస్తోంది, పెరగనీ' అని ఇంట్లోవాళ్లు ధైర్యం చెప్పడం, మీరు రెండు నెలలు ఓర్చుకోవడం నాకు నచ్చలేదు. మందు మొదలుపెట్టాక బాధ కాస్త పెరగడాన్ని మేం అగ్రవేషన్ అంటాం, అది ఏదైనా ఉంటే కొద్దిపాటిగా, కొద్దిరోజులే ఉండాలి. వారాల తరబడి పెరుగుతుంటే దానికి వేరే కారణం వెతకాలి. ఇలా ఎదురుచూసి, చీము పట్టాక వచ్చినవాళ్లు నా దగ్గర ఈ నెలలోనే ఇద్దరు.

రెండోది థైరాయిడ్ మాత్ర. ఎవరు ఆపమన్నారు? హోమియో వేసుకుంటే అది మానాలని ఎక్కడా లేదు, ఏ బాధ్యత గల హోమియో డాక్టరూ చెప్పకూడదు. మానేసిన వారం పది రోజులకు ఏమీ తెలియదు, మందు ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది. ఆ తర్వాత నీరసం, మలబద్ధకం, కాళ్ల వాపు, చర్మం పొడిబారి దురద. చూశారా, మీ దురదకు ఇదీ ఒక చెయ్యి వేసి ఉండొచ్చు. రేపే మీ పాత డాక్టర్‌కు ఫోన్ చేసి మాత్ర ఏ మోతాదులో మళ్లీ మొదలుపెట్టాలో అడగండి, టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించండి. గుండె సమస్య ఉంటే తప్పకుండా చెప్పండి. మొదలుపెట్టాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ పరీక్ష.

చర్మానికి ఈ వారంలోనే స్కిన్ డాక్టర్‌ను కలవండి. పొట్టు కొంచెం గీకి మైక్రోస్కోప్‌లో చూస్తే ఫంగసో, ఎగ్జిమానో చాలావరకు తెలిసిపోతుంది, చిన్న పరీక్షే. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే వాళ్లనూ తీసుకెళ్లండి, అప్పటిదాకా తువ్వాళ్లు వేరు. చీము, జ్వరం, పెదాలు వాచడం, ఆయాసం ఉంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా క్యాజువాలిటీకి వెళ్లండి.

వెళ్లేటప్పుడు ఆ ఆయింట్‌మెంట్ ట్యూబు ఖాళీదైనా వెంట తీసుకెళ్లండి. 'తెల్ల ట్యూబు, ఎర్ర మూత' అంటే మాకు అర్థం కాదు.