మాడ్రిడ్‌లో తక్కువ ఖర్చుతో తిండి

చిరంజీవి నానికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మాడ్రిడ్‌కి చదువుకి వెళ్తున్నావని, తిండి ఖర్చు గురించి దిగులు పడుతున్నావని అమ్మ చెప్పింది. దిగులు వద్దు నాన్నా. ఆ ఊళ్లో ఏ వేళకి వెళ్లావు, ఎక్కడ నిలబడ్డావు అన్నదాన్ని బట్టే బిల్లు ఉంటుంది.

మన దగ్గరలా రోడ్డు పక్కన బండ్లు వెతుక్కోకు. చలికాలంలో చెస్ట్‌నట్ కాయలు కాల్చి పొట్లం కట్టిచ్చే బడ్డీలు ఉంటాయి గానీ, చవక తిండంతా దాదాపు బార్లలోనే. అమ్మ కంగారుపడకుండా చెప్పు: పొద్దున్నే పెద్దవాళ్లు కాఫీ తాగేదీ అక్కడే, పిల్లల్ని తీసుకెళ్లేదీ అక్కడికే. లోపల కౌంటర్‌ని 'బార్రా' అంటారు. చాలాచోట్ల అక్కడ నిలబడి తింటే ఒక ధర, బయట కుర్చీలో కూర్చుంటే ఇంకాస్త ఎక్కువ.

ముందు బొకదీయో దె కలమారెస్ తిను. పిండిలో దొర్లించి వేయించిన కలమారి (స్క్విడ్ అనే సముద్రపు జీవి) చక్రాలు, గట్టి రొట్టె, అంతే. ప్లాసా మయోర్ చౌకులో కూర్చోకు. పక్కనే బొతొనేరాస్ అనే సందులోకి వెళ్తే 4–5 యూరోల్లో కడుపు నిండుతుంది. అక్కణ్ణుంచి నడిచి వెళ్లేంత దూరంలో, తెతువాన్ వీధిలో, 1860 నాటి కాసా లాబ్రా అనే బార్ ఉంది. వేయించిన కాడ్ చేప ముక్క, క్రొకేతా (లోపల మెత్తగా ఉండే వేయించిన ఉండ) విడివిడిగా అమ్ముతారు. స్పెయిన్ సోషలిస్టు పార్టీ 1879లో పుట్టింది ఆ గదుల్లోనే! 1916 నాటి సాన్ మిగెల్ మార్కెట్‌ని కళ్లారా చూడు, తినడం మాత్రం ఇంకోచోట.

నీకు అసలైన ఆధారం మెను దెల్ దీయా. పనిరోజుల్లో మధ్యాహ్నం మొదటి వంటకం, రెండోది, రొట్టె, తాగడానికి ఏదో ఒకటి, చివర తీపో కాఫీయో, అన్నీ కలిపి ఒకే ధర. సుమారు 13–16 యూరోలు. ఆ రోజు వంటకాలు గుమ్మం దగ్గర పలకమీద రాసి ఉంటాయి. చుట్టుపక్కల ఆఫీసులవాళ్లు, కూలిపని చేసేవాళ్లు నిండిన చోటికి రెండింటికి వెళ్లు. పన్నెండుకే ఆకలేసి బయల్దేరితే భోజనం దొరికేది టూరిస్టుల హోటళ్లలోనే. నీళ్ల సీసా కొనకు. "అగువా దెల్ గ్రీఫో" అని అడిగితే కుళాయి నీళ్లు ఇస్తారు. 2022 చట్టం ప్రకారం ఉచితంగా ఇవ్వాల్సిందే, ఆ నీళ్లు బాగుంటాయి కూడా.

శనివారం మాంసం ముట్టవు కదా, ఇది గట్టిగా గుర్తుపెట్టుకో. 'సిన్ కార్నె', అంటే 'మాంసం లేకుండా', అని అడిగితే చాలదు. హామోన్‌ని, అంటే ఉప్పులో ఊరబెట్టి ఆరబెట్టిన పంది తొడ మాంసాన్ని, చాలామంది మాంసం లెక్కలో వేయరు. పప్పులో చోరీసో అనే పంది సాసేజ్, సలాడ్‌లో అతూన్, అంటే ట్యూనా చేప, పడుతుంటాయి. హామోన్, చోరీసో, అతూన్ మూడూ వద్దని పేరుపేరునా చెప్పు. గుడ్డు తింటావు కాబట్టి బంగాళాదుంపల తోర్తీయా (మందపాటి ఆమ్లెట్) ఉండనే ఉంది.

చురోస్ (నూనెలో వేయించిన పిండి కడ్డీలు) కోసం 1894 నాటి సాన్ హినెస్ దుకాణానికి ఒకసారి వెళ్లు చాలు, తర్వాత మీ పేటలో చవకగా తినొచ్చు.

మే 15న సాన్ ఇసిద్రో తిరునాళ్లకి తప్పక వెళ్లు. గాయినేహాస్ అని, గొర్రెపిల్ల పేగుల్ని దాని కొవ్వులోనే కరకరలాడేలా వేయిస్తారు. బోటీ అంటే ప్రాణం పెట్టేవాడివి, నీకు నచ్చుతుంది. పొగలు కక్కుతుండగానే తినెయ్, చల్లారితే కొవ్వు పేరుకుంటుంది.

ప్రేమతో,
పెద్దమ్మ